మబ్బు లేని రోజున కొండ దాటబోయి: బిగ్ సర్ తీరంలో ఒక కేస్ స్టడీ

కొండల్లో విమానం అనగానే మన తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది పావురాల గుట్ట. 2009 సెప్టెంబరు 2, నల్లమల మీద వాన, మబ్బు, రాత్రంతా సాగిన వెతుకులాట. నేనుండే కాలిఫోర్నియాలో అయితే 2020 జనవరి 26న కాలాబసాస్ కొండల మీద కూలిన కోబీ బ్రయంట్ హెలికాప్టర్ గుర్తొస్తుంది. అక్కడా మబ్బే. అందుకే నా దగ్గర విమానం నడపడం నేర్చుకునేవాళ్లలో దాదాపు అందరికీ మబ్బంటే భయం. ఆ భయం మంచిదే, నాకూ ఉంది. ఈ కేసులో మాత్రం మబ్బు తునక కూడా లేదు. కనుచూపు ఆనినంత దూరం తేటగా ఉన్న ఆకాశంలో, ఏ లోపమూ లేని విమానంలో, జాగ్రత్తపరుడైన పైలట్, పక్కన పద్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్న నేను, ఒక నిమిషం నలభై సెకన్లలో 1,150 అడుగులు కిందికి జారాం. ఎవరికీ ఏమీ కాలేదు, విమానానికి గీత పడలేదు. కాబట్టే తాపీగా కూర్చుని దీన్ని విప్పి చూసుకోగలిగాం.

పైలట్, విమానం, దారి

ఆయన వయసు 52. సొంతూరు తెనాలి దగ్గర. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయాక చిన్నప్పటి కోరిక తీర్చుకోవడానికి విమానం నేర్చుకున్నారు. లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలు, మొత్తం అనుభవం 118 గంటలు. చెక్‌లిస్టు చదివితే సంకల్పం చెబుతున్న పురోహితుడిలా ఒక్క అక్షరం వదలరు. నేను ఆయనకంటే పదమూడేళ్లు చిన్నదాన్ని. ఆయన నన్ను "అమ్మా" అంటారు, నేను ఆయనను "అండి" అంటాను. ఈ మర్యాదలకు ఈ కేసులో కొంత పాత్ర ఉంది, దాని సంగతి తర్వాత.

విమానం సెస్నా 172ఎస్. 180 హార్స్‌పవర్ ఇంజిన్, జీ1000 తెరలు. ఈ జీ1000 ఎత్తు, వేగం, గాలి, ఇంజిన్ వివరాలన్నీ సెకను సెకనుకూ ఒక చిన్న కార్డులో రాసిపెడుతుంది. ఇక్కడ నేను చెప్పే అంకెలన్నీ ఆ కార్డులోవే. జ్ఞాపకాన్ని నమ్ముకుని ఉంటే, గాలి మమ్మల్ని కిందికి తోయడం మొదలైన పది సెకన్లలోపే వెనక్కి తిరిగామని ఇద్దరం ప్రమాణం చేసి ఉండేవాళ్లం. కార్డు 41 సెకన్లు అని చెప్పింది.

అనుకున్న దారి ఇది. పాలో ఆల్టోలో బయల్దేరి, వాట్సన్‌విల్, మాంటెరేల మీదుగా దక్షిణానికి వచ్చి, బిక్స్‌బీ వంతెన, పాయింట్ సర్ దీపస్తంభం చూసుకుంటూ బిగ్ సర్ అనే కొండల తీరం చేరాలి. అక్కడ ఎడమకు తిరిగి శాంటా లూసియా కొండలు దాటితే అవతల సాలినాస్ లోయ. ఆ లోయలో కింగ్ సిటీలో దిగి, ఏదైనా తిని, లోయ వెంబడే ఇంటికి రావాలి. ఈ దారిలో ఎగిరేవాళ్లు ఎందరో. ఆదివారం షికారు లాంటిది.

చిక్కంతా ఆ షికారు అన్న మాటలోనే ఉంది. శాంటా లూసియాలో అన్నిటికన్నా ఎత్తయిన జునిపెరో సెర్రా శిఖరం 5,800 అడుగుల పైచిలుకు. అదే రాష్ట్రంలో సియెర్రా నెవాడాలోని విట్నీ శిఖరం 14,500. సియెర్రా దాటాలంటే మా ఫ్లయింగ్ క్లబ్బులో ప్రత్యేక శిక్షణ, సంతకాలు, ప్రశ్నపత్రం ఉంటాయి. తీరపు కొండలకు ఏమీ లేవు. అయిదు వేల అడుగుల కొండే కదా అని అందరికీ చులకన. కానీ కోన్ పీక్ అనే శిఖరం సముద్రానికి మూడే మైళ్ల దూరంలో 5,155 అడుగులు లేచి నిలబడింది. అంత తక్కువ దూరంలో అంత ఎత్తు లేచే చోట గాలి ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. శిఖరం పక్కన మ్యాపులో రాసిన అంకె దానికి జవాబు చెప్పదు. విశాఖలో పుట్టిపెరిగిన నాకు సముద్రం ఒడ్డున కొండ అంటే కైలాసగిరి, యారాడ కొండ. సాయంత్రం పూట చుట్టాలను తీసుకెళ్లి చూపించే చోట్లు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ ఈ కొండలను అలాగే చూశాను.

గాలి దిక్కు మారితే

ఏడాదిలో ఎక్కువ రోజులు బిగ్ సర్ తీరానికి గాలి వాయవ్యం నుంచి, సముద్రం మీదుగా వస్తుంది. నీళ్లు చల్లన, 13 డిగ్రీల చుట్టుపక్కల. ఆ చల్లదనానికి సముద్రం మీద పొగమంచు పొర పేరుకుంటుంది. వేసవిలో మధ్యాహ్నం దాకా తీరం కనిపించదు, పైనుంచి చూస్తే దూది పరుపు మీంచి కొండలు తలలు బయటపెట్టినట్టు ఉంటుంది. ఆ గాలి సముద్రం వైపు వాలుకు తగిలి పైకి లేస్తుంది. 1997 నుంచి ఈ ప్రాంతంలో వదులుతూ వస్తున్న కాలిఫోర్నియా కాండర్లు, తొమ్మిదిన్నర అడుగుల రెక్కల రాబందులు, ఆ వాలు మీద రెక్క ఆడించకుండా తేలుతుంటాయి. అలాంటి రోజుల్లో కొండకు గాలి తగిలే వైపు సముద్రం, గాలి చాటు వైపు లోయ.

శరదృతువులో కొన్ని రోజులు ఇదంతా తలకిందులవుతుంది. పక్క రాష్ట్రం నెవాడా ఎడారుల మీద గాలి ఒత్తిడి పెరిగి, గాలి ఈశాన్యం నుంచి సముద్రం వైపు పరుగు తీస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో దీన్ని డయాబ్లో గాలి అంటారు, లాస్ ఏంజెలెస్ వైపు శాంటా ఆనా అంటారు. పొడిగాలి వెయ్యి అడుగులు కిందికి దిగితే సుమారు 3 డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే అయిదు వేల అడుగుల శిఖరం మీంచి సముద్రానికి దిగే గాలి పదిహేను డిగ్రీలు వేడెక్కి చేరుతుంది. పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని ఊళ్లోకి రానివ్వని మే నెల మధ్యాహ్నం విశాఖలో ఉన్నవాళ్లకు ఆ వేడి ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు.

ఈ గాలి మంచు పొరను ఊడ్చి సముద్రంలోకి నెట్టేస్తుంది. తీరం కడిగిన అద్దంలా కనిపిస్తుంది. వేసవంతా మంచు మూసేసిన బిగ్ సర్‌ను చూడటానికి ఇదే అదను కాబట్టి క్లబ్బులో ఒక్క విమానం ఖాళీ ఉండదు. కొండ చాటు ఇప్పుడు సముద్రం వైపుకు మారిపోయిందన్న సంగతి ఎవరి తలకూ తట్టదు. గాలి శిఖరం దాటి సముద్రం వైపు వాలు మీదుగా జలపాతంలా దూకుతుంటుంది. నీటికి నురగ ఉంటుంది, కనిపిస్తుంది. గాలికి ఆ నురగ లేదు.

నవంబరు మొదటి వారంలో ఆ శనివారం పొద్దున మేం చూసిన సమాచారం: మాంటెరేలో ఆకాశం నిర్మలం, గాలి తూర్పు నుంచి 5 నాట్‌లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు), ఉష్ణోగ్రత 23, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ మంచుగా మారే ఉష్ణోగ్రత) 1. తీరపు ఊళ్లో ఆ రెండు అంకెల మధ్య 22 డిగ్రీల తేడా అంటే ఆ గాలి సముద్రం మీంచి వచ్చింది కాదు. ఆరు వేల అడుగుల ఎత్తున శాన్‌ఫ్రాన్సిస్కో, ఫ్రెస్నోలకు ఇచ్చిన అంచనాల్లో ఈశాన్య గాలి 25 నుంచి 30 నాట్‌లు. సరిగ్గా శాంటా లూసియా మీద అలాంటి అంచనా ఇచ్చే కేంద్రం లేదు, రెండింటినీ చూసి మనమే ఊహించుకోవాలి. వీటన్నిటికీ మించి, జాతీయ వాతావరణ సంస్థ కొండ ప్రాంతాలకు రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఇచ్చింది. అది కార్చిచ్చు హెచ్చరిక. ఆయన ఫోనుకు ముందు రోజే వచ్చింది. ఆయన దాన్ని చూసి పొగ ఉంటుందేమోనని ఆరా తీశారు, పొగ లేదని తెలుసుకుని నిశ్చింతగా ఉన్నారు. పొడిగాలి బలంగా వీచబోతోందనే ఆ హెచ్చరిక ఇస్తారని ఆయనకు తట్టలేదు. పైలట్‌కు అది కూడా సూటిగా గాలి కబురు చెప్పేదే.

"గాలి ఎలా ఉందండి?" అని అడిగాను.

"కింద అయిదు నాట్‌లే అమ్మా. పైన కొంచెం ఉంది. 5,500లో దాటేస్తాం."

తూర్పు దిక్కుకు వెళ్లేవాళ్లకు నిబంధన ప్రకారం 5,500 సరైన ఎత్తే. దాని పైది 7,500. నేను సరే అన్నాను. నా తప్పుల లెక్క ఇక్కడ మొదలవుతుంది.

ఆ నాలుగు నిమిషాలు

10:52కు పాయింట్ సర్ పక్కన 3,500 అడుగుల్లో ఉన్నాం. బయట ఉష్ణోగ్రత 21. వెయ్యి అడుగుల దగ్గర 16 ఉండేది. పైకి పోయేకొద్దీ చల్లబడాల్సింది వేడెక్కుతోంది. తెర మీద గాలి బాణం ఈశాన్యం నుంచి 11 నాట్‌లు చూపిస్తోంది. కింద ఒడ్డుకు ఆనుకుని సముద్రం నున్నగా ఉంది, మైలు అవతల నుంచి తెల్లటి నురగలు మొదలయ్యాయి, అవి ఒడ్డుకు రావడం లేదు, ఒడ్డు నుంచి పోతున్నాయి. ఆయన వంతెనను ఫోటో తీసుకున్నారు. వాలు మీద ఒక్క కాండర్ లేదు. అది నాకు ఆ తర్వాత వారం రోజులకు గుర్తొచ్చింది.

10:56కు, ఒడ్డుకు మైలు దూరంలో సముద్రం మీద ఉండగా, ఎడమకు తిరిగి కొండలకు ఎదురుగా ముక్కు పెట్టారు. థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే పిడి) పూర్తిగా నెట్టి, వేగం 78 నాట్‌లు. మొదటి రెండు నిమిషాలు విమానం నిమిషానికి 450 అడుగుల చొప్పున బుద్ధిగా ఎక్కింది. 4,400 దగ్గర గాలి బాణం 27కు చేరింది. 4,650లో ఎక్కడం ఆగింది. 10:59.

అక్కడి నుంచి నిలువు వేగం అంకె సున్నా అయింది, తర్వాత కిందికి 300, తర్వాత 700. మా ముందు 3,800 అడుగుల కొండ వరుస, 2016 సోబెరానెస్ కార్చిచ్చులో కాలి తెల్లబడ్డ చెట్ల మోళ్లు, వాటి వెనక ఇంకా ఎత్తయిన వెంటానా శిఖరాలు. ఇంతసేపూ ఆ శిఖరాల వెనక లోయ అంచు కొంచెం కొంచెంగా పైకి తేలుతూ కనిపించింది. ఇప్పుడది మునిగిపోయింది. గట్టు వెనక నేల పెరుగుతూ కనిపిస్తే మనం దాన్ని దాటగలం, తరుగుతూ కనిపిస్తే దాటలేం. పరికరాలన్నిటికంటే పాత పరికరం ఇది.

ఆయన ముక్కు పైకి లాగారు. ఎవరైనా అదే చేస్తారు. వేగం 66కు పడింది. మిక్స్చర్ (ఇంజిన్‌లో ఇంధనం, గాలి కలిసే పాళ్లు) చూశారు, ఇంధనం చూశారు.

"అమ్మా, ఇంజిన్ బలం తగ్గిందా?"

"ఇంజిన్ బాగానే ఉందండి. గాలి కిందికి పోతోంది, మనల్నీ తీసుకుపోతోంది."

"ఇంకొంచెం చూద్దామా?"

"వెనక్కి తిరిగితే బాగుంటుందేమో అండి."

"తిరగమంటారా?"

"ఊఁ, తిరుగుదాం."

ఈ నాలుగు మాటలకు పదిహేను సెకన్లు పోయాయి. చివరికి ముక్కు దించమని, కుడికి తిప్పమని చెప్పి నేనూ కంట్రోల్స్ మీద చేతులు వేశాను. 10:59:41. అప్పటికి ఎత్తు 4,340, కొండ వరుస మైలున్నర దూరం. ముక్కు దించగానే వేగం 90కి వచ్చింది. 30 డిగ్రీల వాలులో మలుపు. మధ్యలో ఒక కుదుపుకు ఆయన హెడ్‌సెట్ పైకప్పుకు తగిలింది, ఒళ్లోని టాబ్లెట్ ఎగిరి వెనక సీటులో పడింది. మలుపు ముగిసేసరికి 4,010 అడుగులు. కింద నేలకూ మాకూ మధ్య 900. సముద్రం వైపు తిరిగాక కూడా గాలి వదల్లేదు, ఇంకో అర నిమిషం పాటు నిమిషానికి 900 అడుగుల చొప్పున దించింది. 3,500 దగ్గర ఒక్కసారిగా, చేతిలోంచి తాడు జారవిడిచినట్టు, వదిలేసింది. తర్వాత గాలి ఎంత నెమ్మదిగా ఉందంటే, ఇందాకటిదంతా మేం కల్పించుకున్నామేమో అన్నంత.

మాంటెరే వైపు మళ్లి, అప్రోచ్ కంట్రోలర్‌కు మేం ఎదుర్కొన్నది నివేదించాను. కంట్రోలర్ దాన్ని వెంటనే వెనక వస్తున్న ఇంకో చిన్న విమానానికి చదివి వినిపించాడు. ఆ పైలట్ కొండల వైపు తిరగకుండా తీరం వెంటే వెళ్లిపోయాడు.

సాలినాస్ చుట్టి లోయలోకి వచ్చాం. సోలెడాడ్ అనే ఊరు దాటాక, అవే కొండల తూర్పు పాదాల పక్కన, ఎత్తు మారకుండా ఎగురుతున్న విమానం తనంతట తాను నిమిషానికి 300 అడుగుల చొప్పున ఎక్కడం మొదలుపెట్టింది. ఆయన థ్రాటిల్ తగ్గించారు. ఇంకా ఎక్కుతూనే ఉంది.

"ఇదీ ఆ గాలేనా అమ్మా?"

"ఆ గాలేనండి."

కాగితం మీద

కింగ్ సిటీలో ఒక బల్ల దగ్గర కూర్చుని లెక్క వేశాం. ముందు నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి చెబుతాను. గాలి లేకపోయినా ఈ ప్రణాళిక తప్పే. 3,500 నుంచి 5,500కు ఎక్కడానికి నిమిషానికి 450 చొప్పున నాలుగున్నర నిమిషాలు పడుతుంది. మేం తిరిగిన చోటు నుంచి మొదటి కొండ వరుస అయిదు నాటికల్ మైళ్లు. గాలి లేని రోజున ఆ దూరం మూడున్నర నిమిషాల కన్నా తక్కువలోనే అయిపోతుంది. అంటే గట్టు మీదికి చేరేసరికి సుమారు 5,000 అడుగుల్లో ఉంటాం. 3,800 అడుగుల గట్టును సునాయాసంగా దాటిపోయి ఇంటికి వెళ్లి భోంచేసేవాళ్లం. 5,500 అని రాసుకున్న ఎత్తు గట్టుకు చేరేలోపు అందదన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆయన గత ఎనిమిది నెలల్లో ఇదే పద్ధతిలో ఇంకో రెండు చోట్ల కొండలు దాటారట. తప్పు చేసిన ప్రతిసారీ దెబ్బ తగలదు.

ఇక గాలి సంగతి. ఎక్కే వేగంలో విమానం గాలిలో సుమారు 88 నాట్‌ల మీద పోతుంది. ఎదురుగాలి 28 ఉంటే నేల మీద కదిలేది 60. కిందికి దిగే గాలి ఉన్న పట్టీ రెండు మైళ్ల వెడల్పు అనుకుంటే దాన్ని దాటడానికి రెండు నిమిషాలు, నిమిషానికి 500 అడుగుల నష్టం అనుకుంటే మొత్తం వెయ్యి అడుగులు. అదే పట్టీని లోయ వైపు నుంచి, గాలి వీపున మోసుకుంటూ దాటితే నేల మీద వేగం 116. నిమిషం చాలు, పోయేది 500 అడుగులు. పైగా ఆ వైపు నుంచి వచ్చేవాళ్లను గట్టుకు ముందే గాలి ఎత్తి ఇస్తుంది, దించడం గట్టు దాటాక మొదలవుతుంది, అప్పటికి ముందున్న నేల సముద్రం వైపు పల్లమవుతూ ఉంటుంది. సముద్రం వైపు నుంచి వచ్చిన మాకు గాలి దించుతుంటే ముందున్న నేల లేస్తోంది. కొండ అదే, గాలి అదే, ఎత్తూ అదే. ఏ వైపు నుంచి వస్తున్నామన్నది ఒక్కటే తేడా. అందుకే ఎవరైనా ఎన్ని వేల అడుగుల్లో దాటాలని అడిగితే నేను ముందు ఏ వైపు నుంచని అడుగుతున్నాను.

మలుపు లెక్క ఇంకో విధంగా పనికొస్తుంది. 90 నాట్‌ల వేగంలో 30 డిగ్రీల వాలుతో వెనక్కి తిరగడానికి సుమారు 26 సెకన్లు, వ్యాసార్ధం 1,250 అడుగులు. ఆ 26 సెకన్లలో 28 నాట్‌ల గాలి మమ్మల్ని ఇంకో 1,200 అడుగులు పక్కకు నెట్టింది. మా అదృష్టం, అది సముద్రం వైపు. గాలి వీపున ఉండగా గట్టు వైపు వెళుతూ మనసు మార్చుకుంటే అదే గాలి అదే మలుపులో కొండ మీదికి నెడుతుంది. లోయ వైపు నుంచి దాటడం సులువన్నాను గానీ, ఆ సులువుకు ఈ ధర ఉంది. అటు నుంచి వచ్చేవాళ్లు వెనక్కి తిరిగే నిర్ణయం ఇంకా ముందే తీసుకోవాలి. గట్టును తిన్నగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా సమీపించమని కొండల పైలట్లు చెప్పేది ఇందుకే. సగం మలుపు ముందే చేసి పెట్టుకున్నట్టు అవుతుంది.

ముక్కు పైకి లాగడం గురించి వేరుగా చెప్పాలి. కిందికి పోతుంటే పైకి లాగాలనిపించడం సహజం. కానీ దిగే గాలిలో నెమ్మదిగా ఎగిరితే అందులోనే ఎక్కువసేపు ఉంటాం. ముక్కు దించి వేగం తెచ్చుకుంటే ఎత్తు కొంచెం ఎక్కువ పోయినట్టు కనిపిస్తుంది గానీ బయటపడేది తొందరగా. హద్దు ఒకటుంది. మా బరువుకు కుదుపుల్లో 100 నాట్‌లు దాటకూడదు. మేం 95 దగ్గర ఉన్నాం.

దిగడానికి చోటు గురించి ఆయన అడిగారు. ఆ తీరంలో చదునైన ఇసుక దాదాపు లేదు, ఉన్నవన్నీ రాళ్ల చరియలు. ఒకటో నంబరు రహదారి మలుపుల మయం. ఇంజిన్ ఆగితే ఈ విమానం వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు మైలున్నర దూరం జారగలదు. వెంటానా అరణ్యం రెండు లక్షల ఎకరాల పైమాటే, అందులో దారులు తక్కువ. అందువల్ల ఆ కొండలు దాటేటప్పుడు వెయ్యి అడుగులు ఎక్కువ ఉంటే అది సౌకర్యం కోసం అనుకోకూడదు. నేల మీద మనకు లేని మైలున్నర చోటును ఎత్తు రూపంలో వెంట తీసుకెళ్లడం అది.

నా వాటా

విద్యార్థి పొరపాటు చేస్తుంటే ఎంతవరకు చూస్తూ ఊరుకోవాలన్నది పాఠాలు చెప్పేవాళ్లందరికీ ఉండే సమస్య. మరీ ముందే ఆపితే నేర్చుకోరు. నేను ఆ రోజు మనసులో ఒక గీత గీసుకున్నాను. కొండకు రెండు మైళ్ల దూరానికి 5,000 అడుగులు రాకపోతే వెనక్కి. మంచి గీతే. దాన్ని ఆయనకు చెప్పలేదు. ఆ గీత దాటాక కూడా, ఆయనే గమనిస్తారని కొంతసేపు చూశాను. ఆయనేమో, అమ్మాయి పక్కనే ఉంది, ప్రమాదమైతే చెబుతుందని చూస్తున్నారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటుండగా విమానం కిందికి పోయింది.

ఆ పదిహేను సెకన్ల సంభాషణను కార్డు రాసుకోలేదు గానీ నాకు ప్రతి ముక్కా గుర్తుంది. "తిరిగితే బాగుంటుందేమో అండి." ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడే తీరు అది. తిప్పండి అని చెప్పాల్సిన చోట ఏమో, అండి అన్నాను. ఆయన దాన్ని సలహాగా విన్నారు, అందుకే తిరగమంటారా అని అడిగారు. ఇంగ్లీషులో పాఠం చెప్పే విద్యార్థులతో నాకు ఈ ఇబ్బంది లేదు, అక్కడ ఆజ్ఞకు స్థిరపడ్డ మాటలున్నాయి, నోరు తనంతట తానే వాటిని పలుకుతుంది. తెలుగులో ఆయనతో మాట్లాడుతున్నప్పుడు మా అమ్మ నేర్పిన తెలుగే బయటకు వచ్చింది. మర్యాద మానుకోమని నేను అనడం లేదు. మర్యాదకు వీలులేనంత చిన్న మాట ఒకటి ముందే అనుకుని ఉండాల్సింది.

కింగ్ సిటీలో ఆ మాటను ఖాయం చేసుకున్నాం. "సముద్రం." ఎవరు అన్నా, ఎందుకని అడగకూడదు. ముక్కు దించాలి, నీళ్ల వైపు తిప్పాలి, మాటలు తర్వాత.

రెండోసారి

ఇప్పుడు తీరపు కొండలు దాటాలనే ప్రతి విద్యార్థితో ముందురోజు రాత్రే రెడ్ ఫ్లాగ్ హెచ్చరికలు, డ్యూ పాయింట్ చూడమంటున్నాను. శిఖరాల ఎత్తులో గాలి 25 నాట్‌లు దాటితే ఆ దారి ఆ రోజుకు లేనట్టే. 15 దాటితే గట్టు మీద రెండు వేల అడుగులు ఉండాలి, ఆ ఎత్తును సముద్రం మీదో లోయ మీదో చక్కర్లు కొట్టి ముందే సంపాదించుకోవాలి, దారిలో ఎక్కుతామంటే కుదరదు. కొండకు రెండు మైళ్ల దూరంలో ఒక గుమ్మం అనుకుంటాం. ఆ గుమ్మం దగ్గర ఎత్తు తగ్గుతుంటే, ఎంత తగ్గుతోందని చర్చ ఉండదు.

నవంబరు ఆఖర్లో ఆయనతోనే మళ్లీ వెళ్లాను. గాలి మళ్లీ ఈశాన్యమే, ఈసారి 18 నాట్‌లు. ఒడ్డుకు మూడు మైళ్ల అవతల, నీళ్ల మీద రెండు చుట్లు తిరిగి 7,500కు ఎక్కాం. వెంటానా శిఖరాల వెనక సాలినాస్ లోయలోని పొలాలు గళ్లు గళ్లుగా పరుచుకుని కనిపించాయి. 45 డిగ్రీల ఏటవాలులో గట్టు వైపు బయల్దేరాం. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నిలువు వేగం కిందికి 200 చూపించింది. ఆయన థ్రాటిల్ పూర్తిగా నెట్టారు. అంకె కదల్లేదు.

"సముద్రం," అన్నారు ఆయన. అమ్మా అనలేదు.

అన్నమాటే తడవుగా ముక్కు దించి కుడికి తిప్పారు. నా లెక్క ప్రకారం మూడు నాలుగు వందల అడుగులు పోగొట్టుకుని దాటగలిగేవాళ్లమే. ఆ లెక్క నేను ఆయనకు ఇంతవరకు చెప్పలేదు. మాంటెరే, సాలినాస్ చుట్టి కింగ్ సిటీకి చేరడానికి పదిహేను నిమిషాలు ఎక్కువ పట్టింది.